పెద్దస్వామి పదో తరగతి

మోక్షం కోసం ఆశ్రమానికి వచ్చిన వామదేవుడికి పదో తరగతి ఇంగ్లీషు అప్పజెప్పారు. అతని కష్టం అక్కడ మొదలైంది.

అంతకుముందు అతను విజయవాడలో ఒక పెద్ద కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాడు. చెప్పి చెప్పి విసిగిపోయి, ఇక చాలనుకుని, ఉద్యోగం వదిలేసి, మన్యం అంచున కొండల కింద ఉన్న ఈ ఆశ్రమాన్ని వెతుక్కుంటూ వచ్చాడు. కాసింత జపం, కాసింత ధ్యానం, బోలెడంత మౌనం దొరుకుతాయని ఆశపడ్డాడు. ఆశ్రమం నడిపే పెద్దస్వామి అతని చదువు సంగతి అడిగి తెలుసుకుని మహా సంతోషపడ్డారు.

"సమయానికి వచ్చావు నాయనా. మన హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాళ్లు లేక పిల్లలు అల్లాడిపోతన్నారు" అన్నారు.

కొత్తగా వామదేవ అని పేరుపెట్టి, చేతికి జపమాలతోపాటు సుద్దముక్కల డబ్బా కూడా ఇచ్చారు. మౌనం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ బడికి వచ్చేవాళ్లు కొండమీది ఊళ్ల పిల్లలు. హాస్టల్లో ఉండి చదువుకుంటారు. చాలామందికి ఇంట్లో మాట్లాడేది సవర భాష. తెలుగే వాళ్లకి బడికొచ్చాక అబ్బింది. దాని నెత్తిన ఇంగ్లీషు కూడా వచ్చి కూర్చుంటే పాపం వాళ్లు మాత్రం ఏం చేస్తారు? కిటికీలోంచి కొండకేసి చూస్తూ కూర్చునేవాళ్లు. వామదేవుడు కొన్నాళ్లు బతిమాలాడు. కొన్నాళ్లు కోప్పడ్డాడు. రెండూ పనిచెయ్యక నియమాలు పెట్టడం మొదలుపెట్టాడు.

అవన్నీ ఒక్కరోజున పుట్టినవి కావు. ఒక్కో నియమం వెనక ఒక్కో పాడురోజు ఉంది. ఒకడు చింతకాయలు కోసుకుంటూ ఉండిపోయి పీరియడ్ సగమయ్యాక వచ్చాడు. గంట కొట్టాక వచ్చినవాళ్లు వరండాలో నిలబడాలన్న నియమం ఆరోజు పుట్టింది. పెన్ను అరువు దగ్గర ఇద్దరు జుట్లు పట్టుకున్నారు. ఎవరి పెన్ను వాళ్లే తెచ్చుకోవాలన్న నియమం వచ్చింది. హోంవర్కు ఒక పూట ఆలస్యమైనా తీసుకునేది లేదన్నాడు. గదిలో ఇంగ్లీషు తప్ప ఇంకో భాష వినబడకూడదన్నాడు. కొందరు పిల్లలు చెయ్యెత్తి, అతను అటు చూసేసరికి దించేసి, ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టి ఆడుకుంటున్నారని గమనించాడు. మాట్లాడాలనుకున్నవాళ్లు చెయ్యెత్తాలనీ, సార్ పేరుపెట్టి పిలిచేదాకా ఎత్తిన చెయ్యి దించకూడదనీ ఇంకోటి చేర్చాడు. అన్నిటినీ బ్లాక్‌బోర్డు పక్కన గోడమీద నీలిరంగుతో తన చేత్తోనే రాశాడు. అక్షరాలు చక్కగా కుదిరాయి. దూరంనుంచి చూసినవాళ్లకి ఏవో ఉపనిషత్తు వాక్యాలనిపిస్తాయి.

వాటిలో అతను గర్వంగా చెప్పుకునేది చివరిది. తరగతి మొదలవగానే ప్రతి ఒక్కరూ లేచి, ఒక్క ఇంగ్లీషు వాక్యం సొంతంగా చెప్పాలి. నెల్లాళ్లపాటు చెప్పనివాళ్లకి ఆ తరగతిలో చోటు లేదు.

మొదట్లో ఈ పద్ధతి బాగానే నడిచింది. కానీ పిల్లలు పిల్లలే. ఏది చెబితే సార్ తిట్టకుండా కూర్చోనిస్తాడో వారం తిరక్కుండానే కనిపెట్టేశారు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్న వాక్యం అన్నిటికంటే క్షేమంగా ఉంది. ముందు బెంచీవాడు "ది సన్ రైజెస్ ఇన్ ది ఈస్ట్" అని కూర్చుంటాడు. వాడి పక్కవాడు లేచి అదే అంటాడు. ఆ వెనకవాడూ అదే. అలా రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ గదిలో ముప్ఫైమంది దాకా కలిసి సూర్యుణ్ణి తూర్పున ఉదయింపజేస్తారు. వామదేవుడు మొదట్లో వద్దనేవాడు, కొత్తది చెప్పమనేవాడు. రాను రాను ఓపిక పోయింది. ఏదో ఒకటి, నోరు తెరిచారు కదా అని తల ఊపి ఊరుకునేవాడు.

నోరు తెరవనిది ఒక్కతే. చివరి బెంచీలో కూర్చునే చామంతి.

సన్నగా, పొడుగ్గా ఉంటుంది ఆ పిల్ల. ఆమె ఊరు కొండమీద, జీపు దిగాక కూడా చాలా దూరం నడవాలి. తన వంతు రాగానే లేచి నిలబడుతుంది. అందరూ తలతిప్పి చూస్తారు. ఆమె వామదేవుడి ముఖంలోకి చూస్తూ అలాగే నిలబడుతుంది. అతను "సిట్" అంటాడు. కూర్చుంటుంది. ఆ నియమం పెట్టిన దగ్గర్నుంచీ ఇదే వరస. నెల్లాళ్ల గడువు ఎప్పుడో దాటిపోయింది. అతను చూసీచూడనట్టు పోనిచ్చాడు.

దసరాలకి అతనికి మన్యం జ్వరం వచ్చింది. మాత్రలు మింగి, కాస్త తగ్గగానే, ఇంకొన్నాళ్లు పడుకోమన్నా వినకుండా మళ్లీ బడికి వచ్చేశాడు. వచ్చాడే గాని ఒంట్లో సత్తువ లేదు. పాఠం చెబుతూ చెబుతూ మధ్యలో ఏం చెబుతున్నాడో మరిచిపోయేవాడు. ఆ నీరసంలో చిన్న విషయాలు కూడా పెద్ద అవమానాల్లా తోచేవి. శుక్రవారంనాడు ముందు బెంచీ కుర్రాడొకడు "చామంతికి లేని రూలు మాకెందుకు సార్?" అన్నాడు. అదీ ఇంగ్లీషులోనే అన్నాడు, తప్పుల్లేకుండా.

ఆ సాయంత్రం వామదేవుడు చామంతిని వరండాలోకి పిలిచాడు.

"రేపు ఒక్క వాక్యం చెప్పు. ఒక్కటంటే ఒక్కటి. పోనీ ఆ సూర్యుడి వాక్యమైనా చెప్పమ్మా. నేనేమీ అనను" అన్నాడు.

చామంతి కాసేపు ఆలోచించింది.

"అది అందరూ చెప్పేసినారు సార్" అంది.

తనని వెక్కిరిస్తోందనుకున్నాడు వామదేవుడు. ఒళ్లు మండిపోయింది. తన గదికి వెళ్లిపోయాడు. పొద్దున లేచేసరికి అతనొక నిర్ణయానికి వచ్చేశాడు.

శనివారం పొద్దున పెద్దస్వామి వంటశాల వెనక ఎండలో కూర్చుని కుంకుడుకాయలు కొడుతున్నారు. ఆదివారం హాస్టల్ పిల్లల తలంట్లకి ఎన్ని కొట్టినా చాలవు. ఆయనకి బాగా వయసు మీదపడింది. ఆ పని ఇంకొకరికి చెప్పవచ్చు గాని, చెప్పరు. వామదేవుడు వచ్చి దణ్ణం పెట్టి ఎదురుగా కూర్చున్నాడు.

"ఏటి నాయనా, పొద్దున్నే ముఖం అలా వేలాడేసినావు?"

"అలిసిపోయాను స్వామీ."

"ఊఁ" అన్నారు పెద్దస్వామి. ఇంకో కాయ రాతిమీద పెట్టి కొట్టారు.

"పాఠం చెప్పి అలిసిపోతే బాధ లేదు. పాఠం చెప్పే తీరిక ఎక్కడుంది? ఆలస్యంగా వచ్చింది ఎవరు, పెన్ను తేనిది ఎవరు, తెలుగు మాట్లాడింది ఎవరు... వీళ్లని పట్టుకోవడంతోనే పీరియడ్ అయిపోతోంది. చదువు చెప్పేవాణ్ణో, కాపలావాణ్ణో నాకే తెలియడం లేదు."

"మరి కాపలా మానేస్తే?"

"ఉన్నవాళ్లు కూడా చెడిపోతారు స్వామీ. మీకు తెలియదు, తరగతి అంటే అలాగే ఉంటుంది" అన్నాడు వామదేవుడు. అన్నాక, గురువుగారితో మీకు తెలియదు అనడం బాగాలేదేమోనని నాలిక కరుచుకున్నాడు. పెద్దస్వామి ఏమీ అనుకున్నట్టు లేదు.

చామంతి సంగతి అప్పుడు చెప్పాడు. మొదటినుంచీ చెప్పాడు. నియమం అందరికీ ఒకటే కావాలన్నాడు. ఒక్కరికోసం సడలిస్తే గోడమీద రాతకి విలువేం ఉంటుందన్నాడు. ఆ పిల్లకి తన మీద గౌరవం కూడా లేదన్నాడు.

"ఇవాళ సంతకి వాళ్ల ఊరివాళ్లు దిగుతారు. మధ్యాహ్నం తిరుగు జీపులో పంపించేద్దాం. డ్రైవరుతో మాట్లాడాను, బడి ముందు ఆపి హారన్ కొడతానన్నాడు. మీరు సరేనంటే..."

ఆ మాట పూర్తిచెయ్యలేకపోయాడు. అంతకుముందు అలా జీపెక్కి వెళ్లిన ఆడపిల్లలు మళ్లీ బడి ముఖం చూడలేదని అతనికీ తెలుసు, పెద్దస్వామికీ తెలుసు.

పెద్దస్వామి కొట్టిన కాయల్లోంచి గింజలు ఏరి పక్కన పెట్టారు.

"ఆ పిల్లకి మాటలు రావా?"

"మిగతా క్లాసుల్లో బాగానే మాట్లాడుతుందట."

"నీ దగ్గరో?"

"నా దగ్గర ఉలకదు, పలకదు."

"సరే. పంపాలంటే పంపుదాం" అన్నారు పెద్దస్వామి. "నీ తరగతి ఎప్పుడు?"

"భోజనాలయ్యాక, స్వామీ."

"నేనూ వచ్చి కూకుంటాను. ఇంగ్లీషు నేర్చుకోవాలని ఎప్పట్నుంచో ఉంది, కుదిరింది కాదు."

వామదేవుడికి లోపల కాస్త ధైర్యం వచ్చింది. కళ్లారా చూస్తే తనవైపే న్యాయం ఉందని ఆయనే ఒప్పుకుంటారు.

"మరి ఆ నియమాలేటో ముందు చెప్పు. తెలీకుండా వచ్చి వరండాలో నిలబడితే బాగోదు" అన్నారు పెద్దస్వామి.

"అయ్యో, మీకవేమీ అక్కర్లేదు."

"బడికొచ్చి కూకునేవాడికి అక్కర్లేకపోతే ఇంకెవరికి? చెప్పు, చెప్పు."

వామదేవుడు సిగ్గుపడుతూనే ఒక్కొక్కటీ చెప్పాడు. ఆయన శ్రద్ధగా విని, చెయ్యెత్తే నియమం దగ్గర మాత్రం మళ్లీ చెప్పించుకున్నారు. "పేరుపెట్టి పిలిచేదాకా దించకూడదు. బాగుంది" అని కుంకుడుకాయల చేట దగ్గరికి లాక్కున్నారు.

మధ్యాహ్నం గంట కొట్టకముందే పెద్దస్వామి కర్ర ఊతంగా పట్టుకుని తరగతికి వచ్చేశారు. చెప్పులు గుమ్మం బయట వదిలి, ఎక్కడ కూర్చోవాలా అని చూశారు. పిల్లలందరూ లేచి దణ్ణాలు పెట్టారు. చివరి బెంచీలో చామంతి పక్కన ఖాళీ ఉంది. ఆమెతోపాటు సార్ కంట్లో పడడం ఇష్టంలేక ఎవరూ అక్కడ కూర్చోరు. పెద్దస్వామి వెళ్లి ఆ ఖాళీలో సర్దుకుని కూర్చున్నారు. ఒక చేతిలో పెన్ను కూడా ఉంది, ఎక్కడ సంపాదించారో ఏమో.

వాక్యాలు మొదలయ్యాయి. ముందు బెంచీ కుర్రాడు లేచి సూర్యుణ్ణి తూర్పున ఉదయింపజేశాడు. రెండోవాడూ అదే చేశాడు. మూడోది ఆడపిల్ల, కాస్త సిగ్గుపడుతూ అదే చెప్పింది. రోజూ వినే వాక్యమే. కానీ వెనక పెద్దస్వామి కూర్చుని వింటున్నారని తెలిశాక, వామదేవుడి చెవులకి అదేదోలా వినిపించడం మొదలుపెట్టింది. నిన్నమొన్నటిదాకా ఇంత వింతగా లేదు. ఆరోసారో ఏడోసారో వచ్చేసరికి అతనికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

చివరి బెంచీ వంతు వచ్చింది. చామంతి లేచింది. ఎప్పటిలాగే అతని ముఖంలోకి చూస్తూ నిలబడింది. ఇవాళ మరీ ఎక్కువసేపు చూసినట్టనిపించింది.

"సిట్" అన్నాడు వామదేవుడు.

తర్వాత పెద్దస్వామి లేచారు. మోకాళ్లు పట్టేసి, బల్ల ఊతం చేసుకుని లేవాల్సి వచ్చింది. గొంతు సవరించుకుని, ముందు పిల్లలు ఏ రాగంలో అన్నారో ఆ రాగంలోనే, "ది సన్ రైజెస్ ఇన్ ది ఈస్ట్" అన్నారు. పిల్లలు నోళ్లు మూసుకుని నవ్వు ఆపుకున్నారు. ఆయన వామదేవుడి వైపు చూశారు. వామదేవుడు ఏం చెయ్యాలో తోచక, అందరికీ ఊపినట్టే తల ఊపాడు. ఆయన కూర్చున్నారు.

పాఠం మొదలైంది. సముద్రంలో తుఫానుకి చిక్కుకున్న ఓడ గురించిన పాఠం అది. ఆ గదిలో సముద్రం చూసినవాడు వామదేవుడొక్కడే. ఒక్కో వాక్యం చదివి అర్థం చెబుతున్నాడు. పట్టుమని పేజీ తిరగలేదు, మెడ వెనకనుంచి చలి మొదలైంది. కార్తీకమాసం కదా అనుకుని ఉత్తరీయం బిగించి కప్పుకున్నాడు. కాసేపటికి కాళ్లు తేలిపోతున్నట్టనిపించి బల్ల అంచు పట్టుకున్నాడు. మొన్న కూడా ఇలాగే అయింది. అలసట అనుకున్నాడు. పిల్లలకి తెలియకూడదని బోర్డు వైపు తిరిగి, అవసరం లేకపోయినా, కష్టమైన మాటలన్నీ వరసగా రాసుకుంటూ పోయాడు. రాసినంతసేపు గోడకి ఒక చెయ్యి ఆనించి ఉంచాడు.

ఇటు తిరిగేసరికి, వెనక బెంచీలో పెద్దస్వామి చెయ్యెత్తి ఉంది.

వామదేవుడు చప్పున పుస్తకంలోకి తల దించాడు. స్వామి ఏం అడుగుతారో? పిల్లలందరి ఎదుట ఏ సూర్యుడి సంగతో ఎత్తితే? కాసేపు చూడనట్టు నటించి పాఠం కొనసాగించాడు. ఓడ మీదికి అలలు వచ్చిపడ్డాయి, తెరచాప చిరిగింది. చెయ్యి అలాగే ఉంది.

పెద్దస్వామికి ఆ భుజం పాడైపోయి చాలాకాలమైంది. హారతి పళ్లెం ఎత్తడానికి కూడా పక్కన ఎవరో చెయ్యి వెయ్యాలి. ఇప్పుడా చెయ్యి గాలిలో వణుకుతోంది. మోచెయ్యి కిందికి జారబోతే, ఆయన రెండోచేత్తో దాన్ని కిందనుంచి పట్టి నిలబెట్టారు. పిల్లలు ఒక్కొక్కరే వెనక్కి తిరిగి చూస్తున్నారు. ఎవరూ నవ్వడం లేదు.

వామదేవుడు పుస్తకం దించాడు. పిలవాలి. పేరుపెట్టి పిలవాలి. గోడమీద తన చేత్తో రాసుకున్నదే. కానీ గురువుగారి పేరు శిష్యుడు నోటితో పలకకూడదు. ఆశ్రమానికి వచ్చిన నాటినుంచీ అతను ఒక్కసారి కూడా పలకలేదు. ఇప్పుడు మాత్రం ఎలా పలుకుతాడు?

"స్వామీ, చెయ్యి దించండి" అన్నాడు చివరికి.

తెలుగులో అన్నాడు. ముందు బెంచీ కుర్రాడు గోడకేసి చూసి మళ్లీ సార్‌కేసి చూశాడు. పెద్దస్వామి మాత్రం చెయ్యి దించలేదు. పిలవవలసిన పేరు ఇంకా పిలవలేదు కదా అన్నట్టు ఓపికగా కూర్చున్నారు.

వామదేవుడు బెంచీల మధ్యనుంచి నడుచుకుంటూ వెనక్కి వెళ్లాడు. ఆ కాస్త దూరానికే ఆయాసం వచ్చింది. గురువుగారి ఎదుట నిలబడి చేతులు జోడించాడు.

"ఏమిటి స్వామీ? ఏం అడగాలి?"

"నా ఇంగ్లీషు సూర్యుడి దగ్గరే ఆగిపోయింది నాయనా. తెలుగులో చెప్పొచ్చా?"

వామదేవుడు తల ఊపాడు.

"నాకు అడగాల్సిందేటీ లేదు" అన్నారు పెద్దస్వామి. "నువ్వు బల్ల పట్టుకున్నప్పుడల్లా ఈ పిల్ల చెయ్యి సగం లేచి ఆగిపోతంది. మిగతా సగం నేనెత్తినాను."

వామదేవుడు చామంతి వైపు తిరిగాడు. ఆమె చేతులు రెండూ బల్ల కింద దాచుకుంది.

"చామంతీ" అన్నాడు. పేరుపెట్టి పిలవడం ఈసారి తేలికగానే వచ్చింది. "ఏమిటమ్మా? చెప్పు."

ఆమె లేచి నిలబడింది. గోడమీది నీలి అక్షరాలకేసి ఒకసారి చూసింది. మళ్లీ అతని ముఖంలోకి చూసింది. పెదాలు కదిలాయి, ఆగాయి. పెద్దస్వామి ఆమెకేసి చూడను కూడా లేదు, ఎత్తిన చెయ్యి దించకుండా మోచెయ్యి పట్టుకుని ఎదురుగా బోర్డుకేసి చూస్తున్నారు.

"సర్" అంది చామంతి. "యూ సిట్."

ముందు బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. వామదేవుడికి అలవాటుకొద్దీ ఆ వాక్యంలో ఏం దిద్దాలో వెంటనే తోచింది. దిద్దబోయాడు. పళ్లు టకటక కొట్టుకుని మాట బయటికి రాలేదు.

"యూ సిట్, సర్. ఫీవర్ కమింగ్" అంది చామంతి.

ఇంక అతని అనుమతికోసం ఆగలేదు. బెంచీలోంచి బయటికి వచ్చి గబగబా ముందుకి వెళ్లింది. బల్ల వెనక కుర్చీ నిండా అతను దిద్దవలసిన పుస్తకాలు పేరుకుని ఉన్నాయి. వాటిని రెండు చేతులా ఎత్తి నేలమీద పెట్టింది. కుర్చీ తెచ్చి అతని వెనక వేసింది. వామదేవుడు కూర్చున్నాడు. కూర్చున్నాక తెలిసింది, కాళ్లు ఎంతసేపటినుంచి వణుకుతున్నాయో. నుదురు తాకి చూసుకున్నాడు. కాలిపోతోంది.

"నీకెలా తెలిసింది?" అన్నాడు. తెలుగులోనే అడిగాడు.

"మా ఊళ్లో ఇలాగే వస్తాది సార్" అంది చామంతి. ఆమె తెలుగు అతను దగ్గరగా వినడం ఇది రెండోసారి. "తగ్గిపోయిందనుకుంటారు, మళ్లీ తిరగబెడతాది. రోజు విడిచి రోజు, ఇదే యేళకి. మీకు మొన్న వచ్చింది. అంతకుముందూ వచ్చింది. ముందు చేతిగోళ్లు నీలంగా అయిపోతాయి. మీరు బోర్డు కాడికి ఎల్లిపోతారు."

వామదేవుడు తన గోళ్లు చూసుకున్నాడు.

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం తల్లీ?"

చామంతి తల దించుకుంది. అతని ఎదుట ఆ పిల్ల తల దించుకోవడం అదే మొదలు.

"ఇంగ్లీషులో ఎలాగ చెప్పాలో తెలీలేదు సార్" అంది.

వామదేవుడికి ముందు సిగ్గేసింది. తర్వాత ఏడుపొచ్చింది. పిల్లల ముందు ఏడవకూడదని గోడకేసి చూశాడు. గోడనిండా తన దస్తూరీయే. అటునుంచి కూడా ముఖం తిప్పుకోవలసి వచ్చింది. ఎవరో మంచినీళ్లు తెచ్చి ఇచ్చారు. ఎవరో దుప్పటికోసం హాస్టల్ వైపు పరిగెత్తారు. ఎవరూ అనుమతి అడగలేదు. పిల్లలందరూ ఒక్కసారిగా మాట్లాడుతున్నారు, కొందరు తెలుగులో, కొందరు సవరలో. అతను వింటూ కూర్చున్నాడు.

బయట రోడ్డు మీద జీపు వచ్చి ఆగింది. హారన్ మోగింది. చామంతి ఆ చప్పుడు విని కిటికీకేసి చూసింది. తమ ఊరివాళ్లెవరైనా కనిపిస్తారేమోనని చూసిందంతే. ఆ జీపు తనకోసం ఆగిందని ఆమెకి తెలియదు. హారన్ మళ్లీ మోగింది. వామదేవుడు కుర్చీలోంచి కదలకుండా, కిటికీ దగ్గరున్న కుర్రాడితో, "ఎవరూ రావడం లేదని చెప్పు" అన్నాడు.

కుర్రాడు కిటికీలోంచి కేకేశాడు. జీపు కదిలింది. మలుపు తిరిగి కొండ ఎక్కేదాకా దాని చప్పుడు వినిపిస్తూనే ఉంది. అది పూర్తిగా ఆగిపోయాక గది మళ్లీ నెమ్మదించింది.

అప్పుడు వెనక బెంచీ నుంచి పెద్దస్వామి గొంతు వినిపించింది.

"చెయ్యి దించుకోవచ్చా, సార్?"